ఎక్స్‌పైర్ అయిన డొమైన్ పేర్లు వేలానికి ఎలా వస్తాయి? బిడ్ వేసే ముందు తెలుసుకోవాల్సినవి

"ఈ డొమైన్ నేను కొన్నాను" అని ఎవరైనా అంటే నేను ఒక చిన్న సవరణ చెప్తుంటాను. డొమైన్ పేరుని ఎవరూ శాశ్వతంగా కొనలేరు, అద్దెకు తీసుకుంటారు అంతే. డాట్ కామ్ పేరుని ఒకేసారి గరిష్టంగా 10 ఏళ్ల వరకే రిజిస్టర్ చేసుకోవచ్చు. అద్దె కట్టడం ఆపేస్తే ఆ పేరు ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఎలా వెళ్తుందో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

గడువు తీరాక ఏం జరుగుతుంది?

డాట్ కామ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. డాట్ కామ్ పేర్లన్నిటి అసలు రికార్డు వెరిసైన్ అనే సంస్థ దగ్గర ఉంటుంది. దాన్ని రిజిస్ట్రీ అంటారు. మనకి పేరు అమ్మే గోడాడీ, నేమ్‌చీప్ లాంటివి రిజిస్ట్రార్లు.

గడువు తీరగానే పేరు మాయమైపోదు. ముందుగా గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఇది గరిష్టంగా 45 రోజులు. ఎన్ని రోజులు ఇవ్వాలో రిజిస్ట్రార్ ఇష్టం. ఈ టైమ్‌లో సైట్ ఆగిపోవచ్చు, కానీ పాత ఓనర్ రెన్యూ చేసుకునే అవకాశం సాధారణంగా ఉంటుంది.

ఆ తర్వాత వచ్చేది 30 రోజుల రిడెంప్షన్ పీరియడ్. ఇందులో కూడా పాత ఓనర్ పేరుని వెనక్కి తెచ్చుకోవచ్చు, కాకపోతే మామూలు రెన్యువల్ కంటే చాలా ఎక్కువ కట్టాలి. చివరిగా 5 రోజుల పెండింగ్ డిలీట్. ఈ దశలో ఎవరూ ఏమీ చేయలేరు. అది అయిపోగానే పేరు అందరికీ ఓపెన్ అవుతుంది.

వేలం రెండు రకాలు

మొదటిది రిజిస్ట్రార్ వేలం. పేరు డిలీట్ అయ్యేదాకా ఆగకుండా, గ్రేస్ పీరియడ్‌లోనే రిజిస్ట్రార్ దాన్ని వేలానికి పెడుతుంది. గెలిచినవాళ్లకి పేరు నేరుగా ట్రాన్స్‌ఫర్ అవుతుంది కాబట్టి మొదటిసారి రిజిస్టర్ అయిన తేదీ అలాగే ఉంటుంది. మంచి పేర్లు చాలావరకు ఇక్కడే అమ్ముడైపోతాయి. ఇందులో ఒక మెలిక ఉంది: మీరు వేలం గెలిచాక కూడా, నిర్ణీత గడువులోపు పాత ఓనర్ వచ్చి రెన్యూ చేసుకుంటే పేరు ఆయనదే. మీ డబ్బు మీకు తిరిగి వస్తుంది.

రెండోది డ్రాప్ క్యాచింగ్. పేరు డిలీట్ అయిన క్షణంలోనే పట్టుకోవడం అన్నమాట. చేత్తో టైప్ చేసి పట్టుకుందాం అనుకుంటే కుదరదు. డ్రాప్‌క్యాచ్, స్నాప్‌నేమ్స్ లాంటి సర్వీసుల సాఫ్ట్‌వేర్లు వెరిసైన్ సర్వర్లకి వరసగా రిక్వెస్టులు పంపుతూనే ఉంటాయి. ఒక్కో రిజిస్ట్రార్‌కి ఇన్ని కనెక్షన్లే అని పరిమితి ఉండటంతో, ఒకే కంపెనీ వందల కొద్దీ రిజిస్ట్రార్ గుర్తింపులు తీసుకున్న సందర్భాలున్నాయి. మీరు ముందుగా బ్యాక్‌ఆర్డర్ పెట్టుకోవాలి. ఒకే పేరుకి ఇద్దరు ముగ్గురు బ్యాక్‌ఆర్డర్ పెడితే, పేరు దొరికాక వాళ్ల మధ్య వేలం జరుగుతుంది.

బిడ్డింగ్ ఎలా నడుస్తుంది?

ఎక్కువ చోట్ల ప్రాక్సీ బిడ్డింగే. మీరు పెట్టగలిగే గరిష్ట మొత్తం ముందే చెప్తారు, సిస్టమ్ మీ తరఫున అవసరమైనంతే పెంచుతుంది. మీ గరిష్టం 100 డాలర్లు, ఎదుటివాళ్లది 60, ఒక్కో మెట్టు 5 డాలర్లు అనుకోండి. మీకు 65కే పేరు వస్తుంది. చివరి నిమిషాల్లో ఎవరైనా బిడ్ వేస్తే టైమ్ మళ్లీ పొడిగిస్తారు కాబట్టి, ఆఖరి సెకనులో కొట్టేద్దాం అనే ప్లాన్ పనిచేయదు. బిడ్ మొత్తం మీద రెన్యువల్ ఫీజు, పన్ను, కార్డు కరెన్సీ చార్జీ కూడా పడొచ్చు. ఇవన్నీ కలిపి లెక్క వేసుకున్నాకే నేను గరిష్టం ఫిక్స్ చేస్తాను.

బిడ్ వేసే ముందు నేను చూసేవి

మొదట వేబ్యాక్ మెషిన్‌లో ఆ పేరు మీద ఇంతకుముందు ఏ సైట్ ఉండేదో చూస్తాను. జూదం, నకిలీ మందుల పేజీలు కనిపిస్తే వదిలేస్తాను. రెండోది, పాత లింకుల బలంతో సెర్చ్‌లో పైకి రావచ్చనే ఆశ. పాత పేరు తీసుకుని ర్యాంకింగ్ కోసమే పనికిరాని కంటెంట్ నింపడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్‌గా ప్రకటించింది. మూడోది ట్రేడ్‌మార్క్. ఒక బ్రాండ్ పేరుని దురుద్దేశంతో పట్టుకున్నారని తేలితే యూడీఆర్‌పీ కింద దాన్ని లాక్కోవచ్చు. మన డాట్ ఇన్ పేర్లకి ఐఎన్‌డీఆర్‌పీ ఉంది.

అసలు రిస్క్ పాత ఓనర్‌కే

చాలామంది ఆలోచించని విషయం ఇది. మీ ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్ మూతపడి, దాని డొమైన్ వదిలేశారనుకోండి. వేలంలో గెలిచినవాళ్లు ఆ పేరు మీద ఏ అడ్రస్‌కి వచ్చిన మెయిల్ అయినా తమకే చేరేలా సెట్ చేసుకోవచ్చు. స్టూడెంట్లు పంపే సర్టిఫికెట్లు, పాత అకౌంట్ల పాస్‌వర్డ్ రీసెట్ లింకులు, అన్నీ కొత్త ఓనర్ ఇన్‌బాక్స్‌కే. హ్యాకింగ్ ఏమీ అక్కర్లేదు.

పెద్ద కంపెనీలు మర్చిపోవు అనుకోకండి. 1999 క్రిస్మస్ టైమ్‌లో మైక్రోసాఫ్ట్ పాస్‌పోర్ట్ డాట్ కామ్ ఫీజు కట్టలేదు. హాట్‌మెయిల్ లాగిన్‌కి ఇబ్బంది వచ్చింది. బయటి ప్రోగ్రామర్ ఒకాయన తన జేబులోంచి 35 డాలర్లు కట్టాక గానీ సమస్య తీరలేదు.

కాబట్టి మీకు డొమైన్ ఉంటే ఆటో రెన్యువల్ ఆన్ చేసి, కార్డు గడువు కూడా చెక్ చేయండి. ఐకాన్ రూల్ ప్రకారం రిజిస్ట్రార్ గడువుకి ముందు రెండుసార్లు, తర్వాత ఒకసారి గుర్తు చేయాలి. ఆ మెయిల్స్ అదే డొమైన్ అడ్రస్‌కి వెళ్తుంటే, సైట్‌తో పాటు మెయిల్ ఆగిపోయాక చివరిది మీకు చేరదు. రిజిస్ట్రార్ దగ్గర వేరే మెయిల్ ఐడీ ఇవ్వండి. డొమైన్ వదిలేయాలనుకున్నా, దానితో ఓపెన్ చేసిన అకౌంట్లన్నిటిలో ముందు మెయిల్ మార్చి, ఆ తర్వాత ఇంకో రెండు మూడేళ్లు రెన్యూ చేస్తూ ఉండండి. ఆ కొద్దిపాటి ఖర్చుతో మీ పాత మెయిల్స్ వేరేవాళ్ల చేతిలో పడకుండా ఉంటాయి.