అంకె ఎవరిదో చూసుకో

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన డివైస్ ట్రీ ఫైలు చూశాను. బోర్డు బూటవుతోంది కదా, పేర్లదేముందిలే అన్నావు. కెర్నల్ వరకు పెద్దగా పట్టింపు లేదు, నిజమే. కానీ రాత్రి పదింటికి ల్యాబ్‌లో మల్టీమీటర్ పట్టుకుని కూర్చునేవాడు కూడా ఆ ఫైలే చదువుతాడు.

సీరియల్ పోర్టుల సంగతే చూడు. నీది ఎస్‌టీఎం32ఎఫ్429 చిప్. దాని మాన్యువల్లో లెక్క 1తో మొదలవుతుంది, లినక్స్‌లో 0తో. నువ్వు రెండింటికీ రాజీ కుదర్చబోయి లేబుల్‌ని యూఆర్ట్0 చేశావు. ఆ పేరు మాన్యువల్ అంతా గాలించినా దొరకదు. అసలు రాజీ అవసరమే లేదు, ఎవరి చోటు వాళ్లకుంది. నోడ్ పేరు సీరియల్@40011000: చేసే పని, ఉండే అడ్రసు. @ తర్వాత అడ్రసు రాయడం 1994 నాటి ఐఈఈఈ 1275 నుంచీ వస్తున్న పద్ధతి. లేబుల్ యూసార్ట్1: మాన్యువల్ ఎలా అంటే అలా. ఏలియాస్ సీరియల్0: లినక్స్ లెక్క. ఆ చిప్ డిస్కవరీ బోర్డు ఫైల్లోనూ సీరియల్0 అంటే యూసార్ట్1 అనే ఉంటుంది.

4, 5 దగ్గరికొచ్చేసరికి మాన్యువలే మాట మార్చి యూఆర్ట్ అంటుంది. వాటికి సింక్రోనస్ మోడ్ లేదు మరి. వరస అందంగా ఉండాలని నువ్వు 'ఎస్' తగిలించకు.

నోడ్లను అడ్రసు క్రమంలో పేర్చు. యూసార్ట్2 అడ్రసు 40004400 కాబట్టి అది యూసార్ట్1 కన్నా ముందొస్తుంది. కళ్లకు ఎబ్బెట్టుగా ఉన్నా అలాగే ఉండనీ. @ తర్వాత 0ఎక్స్ రాయకు. ఆ అడ్రసూ రెగ్ ప్రాపర్టీలోని మొదటి అడ్రసూ ఒకటే కావాలి. నోడ్ పేర్లలో హైఫన్, లేబుళ్లలో అండర్‌స్కోర్. వీటిలో చాలావాటికి డివైస్ ట్రీ కంపైలర్ డీటీసీయే గోల పెడుతుంది, ఆ వార్నింగులను నొక్కేయకు.

డీటీసీ పట్టుకోలేనిది రెగ్యులేటర్ పేరు. సెన్సర్ పవర్ అని పెట్టావు. స్కీమాటిక్‌లో ఆ నెట్‌కి వేరే పేరుంది, అదే పెట్టు. మల్టీమీటర్ వాడికి దొరికేది అదే.

వచ్చే బోర్డులో ఎస్‌డీ కార్డూ ఈఎంఎంసీ రెండూ ఉంటాయన్నావు. అక్కడ మాత్రం అంకెను అదృష్టానికి వదలకు. లినక్స్ 5.10లో ఎంఎంసీ డ్రైవర్లు ఒకదాని కోసం ఒకటి ఆగకుండా లేవడం మొదలయ్యాక, ఏది ముందు లేస్తే దానికి 0 దక్కే పరిస్థితి వచ్చింది. రూట్ పార్టిషన్ ఎంఎంసీబీఎల్‌కే0లో ఉందని రాసుకున్నవాళ్ల బోర్డు ఒకరోజు లేస్తుంది, ఒకరోజు లేవదు. అదే 5.10లో ఎంఎంసీకి ఏలియాస్ కూడా వచ్చింది. ఎంఎంసీ0, ఎంఎంసీ1 ఏవేవో అక్కడే తేల్చేయి. రూట్‌కి పార్ట్‌యూయూఐడీ వాడితే ఇంకా నిశ్చింత.

ఇదంతా చదివి, కస్టమర్ల చేతికి వెళ్లిన పాత బోర్డుల ఫైళ్ల మీద పడేవు! అక్కడ ఏలియాస్ మారిస్తే వాళ్ల స్క్రిప్టులు పడుకుంటాయి. కంపాటిబుల్ ప్రాపర్టీలో అక్షరదోషమున్నా ముట్టుకోకు, డ్రైవర్ ఆ తప్పు పేరుతోనే పోల్చుకుంటోంది. లేబుళ్లు మార్చుకో, కానీ వేరే ప్యాచ్‌గా. సింబల్స్ లేకుండా కంపైల్ చేసి, వచ్చే డీటీబీ ఫైళ్లలో పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చు. ఒక్క బైటు తేడా వచ్చినా లేబుల్‌తో పాటు ఇంకేదో మారిందన్నమాట. అది దొరికాకే నాకు పంపు.

నీ అక్క