ఫెసిలిటేటర్లకు ట్రైనింగ్ ఇవ్వబోతున్నారా?

కొల్లాపూర్ లాంటి చోట వికలాంగులతో పనిచేసే మనవాళ్లకు ఫారాలు నింపడం బాగా వచ్చు. సదరం సర్టిఫికెట్, ఆసరా పెన్షన్, బస్ పాస్, ట్రైసైకిల్ దరఖాస్తు, ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇప్పుడు వాళ్లనే వ్యక్తి కేంద్రంగా ప్లాన్ వేసే ఫెసిలిటేటర్లుగా తయారు చేయమని మీకు పైనుంచి ఆర్డర్ వచ్చిందనుకోండి. మొదటి చిక్కు ఆ నేర్పుతోనే వస్తుంది. గడప దాటగానే ‘ఏ స్కీం రాలేదమ్మా?’ అని మొదలుపెడతారు. పావుగంటలో లిస్టు రాసుకుని, దానికే ప్లాన్ అని పేరు పెట్టి వచ్చేస్తారు.

వ్యక్తి కేంద్రంగా ప్లాన్ వేసే పద్ధతి 1980ల్లో ఉత్తర అమెరికాలో జాన్ ఓబ్రయన్, బెత్ మౌంట్ లాంటివాళ్ల చేతుల్లో రూపు దిద్దుకుంది. అక్కడ వాళ్ల పోరు వికలాంగులను పెద్ద పెద్ద సంస్థల్లో ఉంచేసే అలవాటుతో. మన దగ్గర మనిషి ఇంట్లోనే ఉంటాడు. అడ్డం వచ్చేది ఇంటివాళ్ల ప్రేమ, భయం. అందుకే అక్కడి ట్రైనింగ్ స్లైడ్లు తెచ్చి ఇక్కడ చదివితే పని జరగదు. మైకేల్ స్మల్ నేర్పిన ఒక సాధనాన్ని మాత్రం తప్పకుండా తీసుకోండి. కాగితాన్ని రెండుగా చేసి, ఒకవైపు ఆ మనిషికి ఏది ముఖ్యమో, రెండోవైపు అతని ఆరోగ్యం, భద్రత కోసం ఏది అవసరమో రాయాలి. రెండూ ఉండాలి. మన ఫైళ్లలో మొదటి గడి ఎప్పుడూ ఖాళీయే.

ఒక కేసు ఊహించుకుందాం. కొల్లాపూర్ మండలంలో ఒక ఊరు, 23 ఏళ్ల కుర్రాడు, మేధో వైకల్యం. మాట్లాడేది కొన్ని మాటలే. బడి వయసు దాటాక భవిత కేంద్రం కూడా లేదు. తల్లిని అడిగితే, “వానికేం తెల్వది సారూ, ఇంటికాడ కూసుంటే సాలు, నేను కూలికి పోయొస్త” అంటుంది. కొత్త ఫెసిలిటేటర్ ‘కుటుంబానికి కావలసింది: సంరక్షణ’ అని రాసి లేస్తాడు. అనుభవం ఉన్నవాడు సాయంత్రం మళ్లీ వెళ్తాడు. “తమ్ముడూ, నువ్వు రోజూ పోయే జాగ సూపిస్తవా?” అంటాడు. కుర్రాడు పక్కనున్న మామిడి తోటకు తీసుకెళ్లి, ఖాళీ ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి చూపిస్తాడు. మొదటి గడిలో రాయాల్సింది అది. దారిలో పాము ఉంటుందని, పిల్లలు వెక్కిరిస్తారని తల్లి చెప్పిన భయాలు రెండో గడిలోకి వెళ్లాలి.

ఇక ప్లాన్ సంగతి. సీజన్‌లో పొద్దున రెండు గంటల పని. అదే తోటకు పోయే చిన్నాయన కొడుకు తోడు. కూలి ఎంతో ముందే మాట్లాడుకోవాలి, అది కుర్రాడి చేతికే ఇవ్వాలి. వారం తర్వాత ఒకసారి కలిసి కూర్చోవాలి. ఇలాంటివి రెండుచోట్ల చెడిపోతాయి. ‘వాడు నేర్చుకుంటుండు కదా’ అని తోట యజమాని కూలి ఎగ్గొడతాడు. జూన్ దాటితే కాయ ఉండదు, పనీ ఉండదు. ఈ రెంటికీ జవాబు మొదటి సిట్టింగ్‌లోనే రాయించండి. లేదంటే ఆగస్టు నాటికి కుర్రాడు మళ్లీ అరుగు మీదే ఉంటాడు, ఊరంతా ‘అప్పుడే చెప్పినం’ అంటుంది.

హాల్లో క్లాసు రెండు రోజులు మించనివ్వకండి. సింగోటం జాతర రోజుల్లోనో, నాట్ల టైంలోనో అసలే పెట్టకండి. వికలాంగుల్లా నటించే రోల్ ప్లేలు వద్దు, అవి నవ్వులాటలోకి దిగుతాయి. దానికి బదులు వికలాంగులనే ట్రైనర్లుగా కూర్చోబెట్టి, మిగతా ట్రైనర్లతో సమానంగా ఫీజు ఇవ్వండి. వెతికితే దొరుకుతారు. 2000లో పేదరిక నిర్మూలన ప్రాజెక్టు ‘వెలుగు’ మొదలైన ఆరు జిల్లాల్లో పాత మహబూబ్‌నగర్ ఒకటి. ఆ తర్వాత పుట్టిన వికలాంగుల సంఘాల్లో పనిచేసి, మీటింగ్ నడపడం తెలిసినవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు.

క్లాసు అయ్యాక ఇళ్లకు ఇద్దరిద్దరిని పంపండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. తిరిగొచ్చాక ప్రతి వాక్యం పక్కన అది ఎవరన్నారో రాయించండి. పదిలో ఎనిమిది తల్లివైతే ఆ ఇంటికి మళ్లీ పోవాలి. మాట రానివాళ్ల దగ్గర ‘మాట్లాడలేదు’ అని రాస్తే ఒప్పుకోకండి. ఎవరొస్తే ముఖం వెలుగుతుంది, ఏది పెడితే తోసేస్తారు, వద్దనడానికి ఏం చేస్తారు, ఇవి చూసి రాయాలి. అలా చూడాలంటే పూట పడుతుంది. ఈ ట్రైనింగ్‌లో ఖర్చయ్యేది ఆ పూటే, మేనేజర్లు ముందుగా కోసేదీ ఆ పూటే.

ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న ‘ఇది రాస్తే పెన్షన్ పోతదా?’ అని. 2023లో 4,016 రూపాయలకు పెరిగిన ఆ డబ్బు మీద చాలా ఇళ్లు నడుస్తున్నాయి. మన కాగితం పెన్షన్ కోసం కాదని, పెన్షన్ ఆఫీసుకు పోదని మొదటి నిమిషంలోనే చెప్పించండి. సంపాదన మొదలైతే ఏమవుతుందని అడిగితే మాత్రం సొంతంగా భరోసా ఇవ్వొద్దు. ఎంపీడీఓ ఆఫీసులో కనుక్కుని చెబుతామనాలి, కనుక్కుని చెప్పాలి.

చట్టం కూడా కొంత తెలిసుండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వీళ్లకూ అందరితో సమానంగా నిర్ణయాలు తీసుకునే హక్కు ఉంది. 18 నిండాక తల్లిదండ్రులు తమంతట తాము చట్టప్రకారం గార్డియన్లు కారు. మేధో వైకల్యం, ఆటిజం లాంటివి ఉన్నవాళ్లకు గార్డియన్ కావాలంటే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. కాబట్టి పెద్దవాళ్ల ప్లాన్ మీద తల్లి వేలిముద్ర ఒక్కటే ఉంటే చాలదు. వాళ్ల ఫొటోలు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి.

చివరగా టార్గెట్. నెలకు ఇన్ని ప్లాన్లు అని పైనుంచి అంకె వస్తుంది, అది తప్పదు. మీరు బేరం ఆడాల్సింది లెక్క దేన్ని పట్టి వేస్తారన్న దాని మీద. వేసిన ప్లాన్లను కాక, మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లి చూసిన ప్లాన్లను లెక్కించమని మొదటి రివ్యూ మీటింగ్‌లోనే అడగండి. అంకె చిన్నదవుతుంది, మీ మీద ఒక మాట పడుతుంది. పడనివ్వండి. రెండో విజిట్ తేదీ లేని ప్లాన్ మీ టేబుల్ మీదికి వస్తే మాత్రం సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.