గ్రాఫిక్సు కార్డును వేసవి తాపమును

మా ఖానాపూరునందు మే నెల మధ్యాహ్నమున వీధిలో కుక్కయైనను తిరుగదు. గోదావరి వైపునుండి వచ్చు వడగాలికి జడిసి జనులు తలుపులు మూసికొని యిండ్లలో నుందురు. గత వేసవి సెలవులలో అట్టి మధ్యాహ్నమొకనాడు మేము నలుగురము ఒక సహాధ్యాయుని యింట గూడి కంప్యూటరునందు మోటారు పందెముల ఆట ఆడుచుంటిమి. మొదట తెరమీది బండ్లు తడబడి నడచెను. పిమ్మట పెట్టెలోని పంకా బొంగురు గొంతుతో మ్రోగెను. కొంతసేపటికి తెర నల్లనైపోయెను.

ఆ యంత్రము సులభముగా వచ్చినది కాదు. మా మిత్రుని యన్న దుబాయిలో పని చేయుచు, తమ్ముడు కంప్యూటరు విద్య నేర్చుకొనునని నెలనెల మిగిల్చి పంపిన సొమ్ముతో కొన్నది. మరమ్మతు దుకాణమొకదానికి గొనిపోగా, పెట్టె విప్పకయే, "కార్డు చచ్చినది, క్రొత్తది వేయవలెను" అనిరి. ఆ మాట యన్నకు ఫోనులో చెప్పుటకు మా మిత్రునికి నోరాడలేదు. అంతట మేమే ఈ విషయమును విచారింప బూనితిమి. అందు దెలిసికొన్న సంగతులను తోడి విద్యార్థుల కొరకు ఇచట వ్రాయుచున్నారము.

గ్రాఫిక్సు కార్డనగా తెరమీది బొమ్మలను లెక్కగట్టి చిత్రించు ప్రత్యేక యంత్రభాగము. 1999 సంవత్సరమున ఎన్‌విడియా సంస్థ జీఫోర్సు 256 అను దానిని వెలువరించి, 'గ్రాఫిక్సు ప్రాసెసింగ్ యూనిట్' అను పేరును వ్యాప్తికి దెచ్చెను. మా మిత్రునిది 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060. దాని చిప్పులో 3,584 చిన్న గణకములు ఒక్కసారిగా పనిచేయును. ఆట సాగునపుడు కార్డు 170 వాట్ల వరకు విద్యుత్తును గ్రహించును. ఆ విద్యుత్తు ఎచటికి పోవును? తీగలో ప్రవహించు విద్యుత్తు వేడిమిగా మారు నియమమును జౌల్ అను ఆంగ్లేయుడు 1841లోనే ప్రకటించెను. కార్డు మింగినదంతయు తుదకు వేడిమియే యగును.

170 వాట్లు పెద్ద సంఖ్య కాదని తోచవచ్చును. రెండు మూడు మిద్దె పంకాలకు సరిపోవు విద్యుత్తు మాత్రమే. కాని చిప్పు వైశాల్యము 276 చదరపు మిల్లీమీటర్లు, అనగా తపాలా బిళ్ళకంటె చిన్నది. వేయి వాట్ల ఇస్తిరిపెట్టె యడుగు 200 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో, ఒక్కొక్క చదరపు సెంటీమీటరునకు అయిదు వాట్లు వచ్చును. చిప్పునకు 120 వాట్లే చెందునని తగ్గించి లెక్కించినను, సెంటీమీటరునకు నలువదికి మించును. ఇస్తిరిపెట్టెకు ఎనిమిది రెట్లు! ఈ లెక్క వేసినపుడు మేమే నమ్మక రెండుమారులు చూచుకొంటిమి.

ఈ వేడిమిని లోహపు రెక్కలు గ్రహించి పంకా గాలికి ఒప్పగించును. ఇచటనే అసలు మర్మమున్నది. కార్డు గదిగాలికంటె చల్లబడజాలదు. ఒకే ఆట, ఒకే పంకా వేగము ఉన్నంతవరకు, గదికిని కార్డుకును నడుమ నుండు వ్యత్యాసము ఇంచుమించు మారదు. ఆ వ్యత్యాసము 45 డిగ్రీలనుకొందము. జనవరిలో గది 22 డిగ్రీలున్న కార్డు 67 వద్ద నిలుచును. మేలో గది 41 ఉన్నయెడల 86 కావలెను. కాని ఈ కార్డు మామూలుగా 83 డిగ్రీలను హద్దుగా నెంచి, అది సమీపింపగనే తన వేగమును తానే తగ్గించుకొనును. మా బండ్లు తడబడుటకు కారణమిదియే. తయారీదారు చెప్పిన పరమావధి 93 డిగ్రీలు. ఆదిలాబాదు ప్రాంతమున చలికాలపు రాత్రి 10 డిగ్రీలకు దిగువయు, వేసవి పగలు 44, 45 డిగ్రీలును గలవు గదా! చలిదేశములవారు వ్రాసిన సలహాలను మనము యథాతథముగా గైకొనరాదు.

పెట్టె విప్పి చూచితిమి. రెక్కల నడుమ ప్రత్తి నూగును దుమ్మును కలసి కంబళివలె పేరియుండెను. విద్యుత్తును తొలగించి, పంకా గిర్రున తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో ఊడ్చితిమి. అయినను కార్డు చూపు రెండు అంకెలలో, సగటు తాపమునకును మిక్కిలి వేడిగానుండు చోటి తాపమునకును 28 డిగ్రీల భేదము మిగిలెను. చిప్పునకును లోహమునకును నడుమ పూయు థర్మల్ పేస్టు ఎండిపోయినచో ఇట్లగును. అనుభవముగల పెద్దవారి చేత క్రొత్త పేస్టు పలుచగా పూయించితిమి. భేదము 13కు దిగెను. గ్యారంటీ యున్న కార్డును మాత్రము ఇట్లు విప్పరాదు.

గాలి నెంత విసరినను వ్యత్యాసము తగ్గునే కాని గది చల్లబడదు. కావున వేడిమి పుట్టుటనే తగ్గింపవలెను. మా మిత్రుని తెర సెకనునకు 75 బొమ్మలు మాత్రమే చూపగలదు. కార్డు 140 గీయుచుండెను! కంటికి కానరాని సగము పనికై వృథాగా వేగుచున్నదన్నమాట. ఆటలోని అమరికలలో 75కు హద్దు విధించితిమి. ఆఫ్టర్‌బర్నర్ అను ఉచిత సాధనముతో విద్యుత్పీడనమును 1.05 వోల్టుల నుండి 0.90కి దించితిమి. వేగము మారనిచో చిప్పు గ్రహించు విద్యుత్తు పీడనము యొక్క వర్గమును బట్టి తగ్గును గాన, నాలుగవ వంతునకు పైగా ఆదా. ఆట నిలిచిపోయినచో పీడనమును కొంచెము పెంచవలెను. మేము రెండుసార్లు అట్లు పెంచవలసివచ్చెను.

ఇక కూలరు. యంత్రము నెదుటనే కూలరు పెట్టుట మన యిండ్లలో పరిపాటి. పొడిగాలి వీచు మే నెలలో అది గదిని చల్లబరచుట నిజమే. వేడి కార్డుపై మంచు పేరదు. కాని నీటి తుంపరలును వానితో వచ్చు ఉప్పును రెక్కలపై దుమ్మును అంటించును. కావున కిటికీ కడ నుంచి, గదికి గాలి వచ్చునట్లు చేయవలెను గాని పెట్టెకు గురిపెట్టరాదు. తొలకరి తరువాత గాలిలో తేమ పెరుగుటచే కూలరు అంతగా ఉపకరింపదు. పెట్టెను బల్లక్రింది అరలోనికి నెట్టుట మరియొక పొరబాటు. వెనుకనుండి వెడలిన వేడిగాలినే అది మరల పీల్చును. మిద్దె యిండ్లలో సలాకు పగలు పీల్చిన వేడిని నడిరాత్రి వరకు విడుచును గాన, ఆటకు తెల్లవారుజాము మేలు. పెద్దలు దీనికి సమ్మతింతురా యన్నది వేరుమాట.

ఈ సంవత్సరము మే నెలలో గది 40 డిగ్రీలున్న దినమున అదే ఆట గంటసేపు ఆడి చూచితిమి. కార్డు 76 డిగ్రీల వద్ద నిలిచెను, బండ్లు తడబడలేదు. మా మిత్రుడు ఆ అంకెలున్న తెరను ఫోటో తీసి దుబాయికి పంపెను. కార్డు చెడినదని తనకెవరును చెప్పలేదేమని అన్న యడిగెనట.