మిరప శీతల గిడ్డంగులలో ఉష్ణోగ్రత సంకేతాలకు 4–20 మిల్లీ ఆంపియర్ ట్రాన్స్‌మిటర్ రూపకల్పన

గుంటూరు, నల్లపాడు పరిసరాలలో వేసవి కోతల అనంతరం మిరప టిక్కీలు నెలల తరబడి శీతల గిడ్డంగులలో నిల్వ ఉంటాయి. కాయ రంగు, ఘాటు, బూజు నివారణ గది ఉష్ణోగ్రతపైనే ఆధారపడినందున సెన్సార్ సంకేతం విశ్వసనీయంగా ఉండవలెను.

వోల్టేజి సంకేతంలోని లోపం

-10 నుండి 40 డిగ్రీల సెల్సియస్ పరిధిని 0–10 వోల్టులుగా పంపితే, తీగ తెగినప్పుడు 0 వోల్టులే అందవచ్చును. కంట్రోలర్ దానిని -10 డిగ్రీలుగా గ్రహించి కంప్రెసర్‌ను ఆపివేస్తుంది. తెరపై చలి, గదిలో వేడి! కరెంట్ లూప్‌లో కనిష్ఠ విలువ 4 మి.ఆం. కనుక సున్నా కరెంటు వస్తే అది చలి కాదు, లోపమే. అంతేగాక సిరీస్ వలయమంతటా కరెంటు ఒక్కటే అయినందున తీగ పొడవు సంకేతాన్ని మార్చదు.

రూపకల్పన లెక్కలు

50 డిగ్రీల పరిధికి 16 మి.ఆం. కేటాయించగా ఒక్కొక్క డిగ్రీకి 0.32 మి.ఆం. వచ్చును. 5 డిగ్రీల వద్ద 8.8 మి.ఆం. ప్రవహించవలెను. సున్నా డిగ్రీల వద్ద 100 ఓంలు గల ప్లాటినం సెన్సార్ నిరోధం డిగ్రీకి సుమారు 0.39 ఓంలు పెరుగుతుంది. తీగ నిరోధం ఈ విలువలో కలియకుండా మూడు తీగల అనుసంధానం అవసరం. రెండు తీగల ట్రాన్స్‌మిటర్ తన విద్యుత్తును కూడా లూప్ నుండే గ్రహిస్తుంది. కనుక దాని స్వంత వినియోగం, లోప సూచన అవధియైన 3.6 మి.ఆం. కంటే తక్కువగా ఉండవలెను.

గిడ్డంగి నుండి ప్యానెల్‌కు 200 మీటర్ల దూరం, 0.5 చదరపు మి.మీ. రాగి తీగ అనుకొందము. రానుపోను నిరోధం సుమారు 15 ఓంలు. 22 మి.ఆం. వద్ద తీగలో 0.33, 250 ఓంల గ్రాహక నిరోధంలో 5.5 వోల్టులు తగ్గును. ట్రాన్స్‌మిటర్‌కు 10 వోల్టులు కావలసినచో మొత్తం సుమారు 15.8 వోల్టులు. 24 వోల్టుల సరఫరా చాలును.

తేమ, లోప సూచన

ట్రాన్స్‌మిటర్ టెర్మినళ్ల నడుమ తేమ చేరి 100 కిలో ఓంల లీకేజి ఏర్పడినచో దాదాపు 0.2 మి.ఆం. అదనంగా ప్రవహించి, ఉష్ణోగ్రత 0.6 డిగ్రీలకు పైగా ఎక్కువ చూపును. అందుచేత ట్రాన్స్‌మిటర్‌ను గది వెలుపల, నీరు చొరని పెట్టెలో అమర్చుట మేలు. నమూర్ ఎన్‌ఈ 43 సిఫారసు ప్రకారం 3.6 మి.ఆం. లేదా అంతకు తక్కువ, 21 మి.ఆం. లేదా అంతకు ఎక్కువ కరెంటును లోపంగా పరిగణించి అలారం మోగించవలెను.

క్షేత్ర పరీక్ష

సరుకు నింపుటకు ముందు సెన్సార్‌ను కరుగుచున్న మంచులో ఉంచిన 7.2 మి.ఆం. రావలెను. తరువాత ఒక లూప్ తీగను విడదీయవలెను. అలారం మోగకున్నచో, మంచు పరీక్ష ఎంత సరిగా వచ్చినను ఆ వ్యవస్థ నిల్వకు సిద్ధము కాదు.