నడివయసు స్త్రీల బరువు: హార్మోనుల ప్రభావము

నలుబది యేండ్లు దాటిన స్త్రీ లావెక్కినచో, తిని కూర్చుండుట వలననే యని ఇంటివారును ఇరుగుపొరుగువారును తేలికగా అనివేయుదురు. తెల్లవారినది మొదలు నాట్లలోను, కలుపులోను నడుము వంచి పనిచేయు స్త్రీకి సైతము ఈ నింద తప్పుట లేదు. బరువునకు తిండియు, పనియు కారణములే. కాని హార్మోనుల మార్పు కూడ కారణము కావచ్చును. నింద వలన చికిత్స ఆలస్యమగును గనుక పంచాయతీ సభ్యులు ఈ సంగతి నెరిగియుండవలెను.

హార్మోనులనగా నేమి? శరీరమందలి కొన్ని గ్రంథులు తయారుచేసి నేరుగా రక్తములో కలుపు పదార్థములు. ఇవి మిక్కిలి స్వల్పముగా నున్నను ఆకలిని, నెలసరిని, శరీరము శక్తిని ఖర్చుచేయు వేగమును నడుపుచుండును.

మొదటి మార్పు ముట్లుడుగు కాలమున వచ్చును. మన దేశమున ఇది సాధారణముగా 45, 50 ఏండ్ల నడుమ జరుగును. అప్పుడు అండాశయములలో తయారగు ఈస్ట్రోజన్ అను హార్మోను తగ్గిపోవును. అంతకుముందు తుంటి, తొడలయందు చేరు క్రొవ్వు ఇప్పుడు పొట్టచుట్టు చేరును. వయసుతో కండ కూడ తగ్గుటచే, వెనుకటి తిండియే ఇప్పుడు ఎక్కువగును. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు మించినచో మధుమేహము, గుండెజబ్బుల భయము హెచ్చును. గర్భసంచి తొలగించుకొన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇతర రాష్ట్రములకన్న ఎక్కువని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. శస్త్రచికిత్సలో అండాశయములను కూడ తీసివేసినచో ఈ మార్పు ఒక్కసారిగా వచ్చిపడును. కావున అవసరమును వైద్యునితో బాగుగా విచారించిన పిమ్మటనే అందుకు ఒప్పుకొనవలెను.

రెండవది థైరాయిడ్ లోపము. ఈ గ్రంథి గొంతు ముందుభాగమున సీతాకోకచిలుక ఆకారములో నుండును. ఇది మందగించినచో అలసట, చలికి ఓర్వలేకుండుట, మలబద్ధకము, చర్మము పొడిబారుట, జుట్టు రాలుట, అధిక రక్తస్రావము కలుగును. బరువు సాధారణముగా కొద్ది కిలోలే పెరుగును. అందులో చాలభాగము ఒంట నిలిచిన నీరు, ఉప్పు. టి.ఎస్.హెచ్. అను రక్తపరీక్షతో దీనిని కనుగొనవచ్చును. వైద్యుడు మాత్రలు వ్రాసినచో, పరగడుపున నీటితో మ్రింగి, అరగంట మొదలు గంటవరకు కాఫీ, టీలు త్రాగరాదు. బాగుపడితినని తామే మాత్రలు మానరాదు. ఈ జబ్బు లేనివారు సన్నబడుటకై వీనిని వాడినచో గుండెకు హాని కలుగును.

పంచాయతీ చేయదగిన పనులు కొన్ని కలవు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘ సమావేశమున ఈ విషయము చర్చించవలెను. 30 ఏండ్లు దాటిన స్త్రీలందరును రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయించుకొనునట్లు ఆశా కార్యకర్తలతో కలిసి చూడవలెను. థైరాయిడ్ పరీక్ష సమీపమున ఎచ్చట లభించునో కనుగొని తెలియజెప్పవలెను. అంగన్‌వాడీలలోను, బడి భోజనములోను అయొడిన్ ఉప్పునే వాడించవలెను. థైరాయిడ్ హార్మోను తయారగుటకు అయొడిన్ అవసరము. ముట్లుడిగిన పిమ్మట మరల రక్తము కనిపించినచో సిగ్గుపడక వెంటనే వైద్యుని చూడవలెనని మహిళా సభ్యులు ఇంటింట చెప్పవలెను.

ఒళ్లు పెరిగిన స్త్రీని ఎగతాళి చేయుటకు ఖర్చు లేదు. కాని దాని మూల్యమును ఆమె ఆరోగ్యము చెల్లించును. ఆమెను ఒకసారి పరీక్షకు పంపుటయే గ్రామమునకు మేలు.