ఆవిరి సిగరెట్టు ద్రవము: దాని పుట్టుక, పరీక్ష

డి.సి.పల్లి వేలము కేంద్రమునకు వచ్చు పొగాకు బేలునకు ఊరును పేరును కలవు. వర్జీనియా పొగాకు పండించు రైతు పొగాకు బోర్డువద్ద నమోదు కావలెను. ఆకును క్యూరింగు చేయు బ్యారనునకు లైసెన్సు ఉండవలెను. బేలు వేలమునకు వచ్చినపుడు అది ఏ రైతుదో, ఏ తరగతిదో లెక్కలకెక్కును. అనంతసాగరము, మర్రిపాడు, ఉదయగిరి ప్రాంతముల పంచాయతీ సభ్యులకు ఇది క్రొత్త సంగతి కాదు. అయితే పొగాకులోని నికొటినునే ద్రవములో కలిపి, రంగురంగుల గొట్టములలో నింపి విక్రయించు ఈ-సిగరెట్టు విషయమున ఇట్టి జాడ దొరకదు. పట్టణములలో చదువుకొను యువకుల జేబులలో ఇవి పల్లెలకును చేరగలవు. “విదేశపు సరకు, పరీక్షించి పంపినదే” యని చెప్పువారును ఉందురు. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చునో విచారింతము.

ఈ పరికరమును 2003 ప్రాంతమున చైనా దేశపు ఔషధశాస్త్రజ్ఞుడు హోన్ లిక్ రూపొందించెను. నేడు ప్రపంచమున అమ్ముడగు పరికరములలో అధికభాగము ఆ దేశపు షెన్‌జెన్ నగర ప్రాంతమున తయారగుచున్నవి. ద్రవము సంగతి అంత తేలికగా తేలదు. అందు ప్రొపిలీన్ గ్లైకాలు, గ్లిసరిను, నికొటిను, సువాసన ద్రవ్యములు ఉండును. ఈ నాలుగును నాలుగు కర్మాగారములనుండి రావచ్చును. కలుపుట ఒకచోట, సీసాకెత్తుట వేరొకచోట జరుగవచ్చును. నికొటిను ఆకునుండి తీసినదో, రసాయనశాలలో కృత్రిమముగా చేసినదో చూచినంతమాత్రమున తెలియదు. సీసాపై అచ్చయిన దేశము పేరు నిజమేయైనను, అది చివరి మజిలీని మాత్రమే తెలుపును.

చీటీపై వ్రాసినది లోపల ఉండునా? 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 18 ద్రవపు గొట్టములను పరీక్షించెను. నికొటిను లేదని వ్రాసియున్నవానిలో ఒక్కటి తప్ప తక్కినవాని యందు నికొటిను కనబడెను. ఒకే చీటీగల మూడింటిలో దాని మోతాదు మూడు విధములుగా నుండెను. ఒకదానిలో డైఇథిలీన్ గ్లైకాలు అను విషము దొరకెను. ఈ విషము మన దేశమునకు పరిచితమే. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో ఇది కలిసిన గ్లిసరినును ఔషధముగా ఇచ్చుటవలన 14 మంది రోగులు మరణించిరి. లైసెన్సును తనిఖీయు గల ఔషధములయందే అట్లు జరిగినపుడు, ఏ తనిఖీయు లేని సీసాలోని గ్లిసరినును గూర్చి ఏమి చెప్పవలెను?

సువాసనల విషయము మరియొకటి. “ఇవి మిఠాయిలలో వాడునవే” యని అమ్మువారు సమాధానము చెప్పుదురు. కడుపులోనికి పోదగినది ఊపిరితిత్తులలోనికి పోదగినది కానక్కరలేదు. వెన్నవాసన నిచ్చు డైఅసిటైలు ఆహారమున వాడుకలో నున్నదే. కాని దాని ఆవిరిని దినదినము పీల్చిన అమెరికా పేలాల కర్మాగార కార్మికులకు తీవ్రమైన శ్వాసకోశవ్యాధి సంక్రమించెను. 2015లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 51 రకముల ఈ-సిగరెట్లను పరీక్షింపగా 39 రకములలో ఆ పదార్థము బయల్పడెను.

జాడలేని సరకు ఏమి చేయగలదో 2019లో అమెరికాలోనే తెలిసినది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రుల పాలైరి లేక మరణించిరి. మృతులు 68 మంది. ముఖ్యకారణము విటమిన్ ఇ ఎసిటేటు అను నూనెవంటి పదార్థమని తేలెను. గంజాయి సారముగల ద్రవములను చిక్కపరచుటకు దానిని కలిపిరి. రోగులలో అనేకులు ఆ సరకును మిత్రులవద్దనో, చాటుగా అమ్మువారివద్దనో కొన్నవారు.

ఐరోపా దేశములలో 2016 నుండి నికొటిను మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములకు మించరాదు. అమ్మకమునకు ఆరు నెలల ముందు తయారీదారు వివరములు ప్రభుత్వమునకు తెలుపవలెను. అట్లు తెలుపుట క్షేమకరమను యోగ్యతాపత్రము కాదు. మన దేశమున 2019 సెప్టెంబరు 18 నుండి వీని తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకము, నిల్వ, ప్రకటన అన్నియు నిషిద్ధములు. కనుక ఇచట వీనికి తయారీ లైసెన్సు లేదు. అమ్మకమునకు నాణ్యతాముద్ర వేయు అధికారియు లేడు. ముద్ర యున్నచో అది అబద్ధము, లేదా మరియొక దేశమునకు సంబంధించినది. నిషేధముకంటె అనుమతించి పరీక్షించుట మేలని వాదించువారు కలరు. అది పార్లమెంటు తేల్చవలసిన విషయము. ఊరిలోనికి వచ్చిన సీసా సంగతి పంచాయతీది.

అమ్మినవానికి మొదటి నేరమునకు ఒక సంవత్సరము వరకు ఖైదు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. “నేను అమ్మలేదు, ఉంచితిని” అను అంగడివాని మాట చెల్లదు. నిల్వకు ఆరు నెలల ఖైదు, 50,000 రూపాయల జరిమానా వరకు శిక్ష కలదు. అయినను సభ్యుడు తానుగా అంగడిని సోదా చేయరాదు. ఆ అధికారము చట్టము నియమించిన అధికారిది. ఠాణాలోని సబ్ ఇన్‌స్పెక్టరుకు వ్రాతమూలకముగా తెలుపవలెను.

దొరకిన సీసాను వట్టిచేతులతో తెరువరాదు. పేనుబంకకు పొగాకు కషాయము చల్లిన రైతునకును, తడిసిన పచ్చియాకు కోసి తలతిరిగి వాంతిచేసికొన్న కూలికిని నికొటిను బలము తెలియును; అది చర్మముద్వారా కూడ ఒంటికెక్కును. పిల్లవాడు పొరపాటున త్రాగినచో 108 వాహనమును పిలిచి, ఆ సీసాను కూడ ఆసుపత్రికి పంపవలెను. ద్రవమును మురుగుకాలువలోగాని చెరువులోగాని పోయక, మూత బిగించి, ఏ దినమున ఎచట దొరకినదో చీటీ వ్రాసి ఠాణాలో అప్పగింపవలెను.