కానుగ రెమ్మకు ఎన్నాకులు?

ప్రశ్న: మేము నాలుగు కుటుంబాలవాళ్లం పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నాం. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలు. అందరినీ బయటికి తీసుకుపోయి చెట్టూ పుట్టా చూపిస్తూ లెక్కలు నేర్పాలని ఉంది. తలకోన పోదామని కొందరు అంటున్నారు. మా అత్త మాత్రం "తోటలో తిరిగితే లెక్కలొస్తాయా?" అంటుంది.
- ఒక తల్లి, పాకాల

జవాబు: తలకోనలో 270 అడుగుల పైనుంచి నీళ్లు దూకుతుంటే లెక్కలెవరికి గుర్తుంటాయమ్మా! అక్కడికి సరదాకే పోండి. లెక్కలకు మీ ఊరి బయట కానుగ, చింత, వేప ఉన్న చోటు చాలు.

చింతాకు జతలు జతలుగా ఉంటుంది, ఎంచితే సరిసంఖ్య. కానుగ రెమ్మకు చివర ఒంటి ఆకు ఉంటుంది, కాబట్టి బేసి, చాలాసార్లు 5 లేదా 7. ఈ సంగతి మీరు ముందే చెప్పేస్తే ఆట చెడుతుంది. ఎంచనివ్వండి. ఎవరికైనా కానుగలో 6 వస్తే రాలిన ఆకు మచ్చ వెతుక్కుంటారు. వేప మొండిది, ఒక రెమ్మ సరి, ఇంకోటి బేసి. చింతపిక్కలు గుప్పిట్లో పట్టుకుని ఆడే సరి-బేసి ఆటను వేపరెమ్మతో ఆడించండి. ఎంచకముందే పందెం కట్టాలి. యాభై రెమ్మలకు గీతలు గీసి పెడితే, పెద్దపిల్లలకు సంభావ్యత పాఠం అక్కడే మొదలవుతుంది.

తర్వాత కొబ్బరిచెట్టు ఎత్తు. మీటరు కట్టె నిలబెట్టి నీడ కొలవండి. కట్టె నీడ రెండు మీటర్లు, అదే సమయానికి చెట్టు నీడ 24 మీటర్లు ఉంటే చెట్టు 12 మీటర్లు. భాగహారం రాని చిన్నవాళ్లుంటే, కట్టె నీడ కట్టెంత అయ్యేదాకా ఆగండి. అప్పుడు చెట్టు నీడే చెట్టు ఎత్తు. చలికాలంలో పొద్దున పది దాటాక ఆ సమయం వస్తుంది. నేల చదునుగా ఉండాలి సుమా.

పువ్వు కనబడితే చాలు ఫిబొనాచి వరుస (1, 2, 3, 5, 8... ముందు రెండూ కలిపితే తర్వాతది) అనే అలవాటు మనకొద్దు. అయిదు రేకులున్నంత మాత్రాన ఏదీ రుజువు కాదు.

మీకు మీరు చదువుకోవడానికి "ఎట్ రైట్ యాంగిల్స్" పత్రిక ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి గణిత కేంద్రం, అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చినది. ఇక మీ అత్తగారినీ వెంట తీసుకుపోండి, చింతపిక్కల ఆటలో పిల్లలకు ఆమే గురువు.

ప్రశ్న: మా పెద్దోడికి పదకొండేళ్లు. బడికి పోకుంటే పదో తరగతి ఎట్లా రాస్తాడు?
- ఒక తండ్రి, పాకాల

జవాబు: జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా గానీ, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా గానీ రాయొచ్చు. తెలుగు మాధ్యమం ఉంది. 14 ఏళ్లు నిండాలి, అంటే మీకింకా మూడేళ్లుంది.